వెండితెర ప్రణయనాయిక సులోచన (1907–1983)

భారతీయ చలనచిత్రములలో ప్రణయనాయిక యను పాత్ర స్థిరమైన రూపమును సంతరించుకొన్నది 1925 మొదలు 1935 వరకు గడచిన పదేండ్లలో నని చెప్పవచ్చును. అంతకుముందు తెరపై దేవతలుండిరి, పతివ్రతలుండిరి, రాక్షస స్త్రీలుండిరి. తన మనసున కెక్కిన పురుషుని తానై కోరుకొని, ఆ కోరికకు ఫలము ననుభవించు సామాన్య యువతి మాత్రము అరుదు. ఆ యువతికి ముఖమును, చూపును, నడకను ఇచ్చిన నటీమణులలో అగ్రగణ్యురాలు సులోచన. ఆమె అసలు పేరు రూబీ మైయర్స్. జన్మచే యూదు వనిత. హిందూస్తానీ ఆమె ఇంటి భాష కాదు. ఈ దేశపు పడుచు ప్రేమించినపుడు ఎట్లుండునో ఈ దేశమునకు చూపించిన స్త్రీని ఈ దేశీయులలో పెక్కురు పరజాతి వనితగ భావించిరి. ఆ వైరుధ్యమే ఆమె జీవితమునకు కీలకము. జాతి, స్త్రీత్వము, ప్రణయము, భాష అను నాలుగును తెరపై ఎట్లు ముడివడినవో, ఎక్కడ విడివడినవో గుర్తించుటకు ఆమె చరిత్ర చక్కని ఆధారము.

రూబీ మైయర్స్ 1907లో పూనాలో జన్మించినది. ఆమె కుటుంబము బగ్దాదీ యూదు శాఖకు చెందినది. పదునెనిమిదవ శతాబ్ది చివర నుండి బగ్దాదు, బస్రా, అలెప్పో మొదలగు పట్టణముల యూదులు వర్తకము నిమిత్తము సూరతు, బొంబాయి, కలకత్తాలకు వచ్చి స్థిరపడిరి. 1832 ప్రాంతమున బొంబాయి చేరిన డేవిడ్ ససూన్ కాలము నుండి వారి ప్రాబల్యము పెరిగినది. పూనాలోని ఓహెల్ డేవిడ్ ప్రార్థనామందిరము ఆయన కట్టించినదే. కొంకణ తీరమున శతాబ్దులుగ నివసించి మరాఠీ మాతృభాషగ గల బెనె ఇజ్రాయేలీలతో వీరికి మతమొకటే గాని భాషాచారములు వేరు. బగ్దాదీలు మొదట అరబ్బీ మాట్లాడిరి. పిదప రెండు మూడు తరములలో ఆంగ్లమునకు మారిరి. దుస్తులలోను, విద్యలోను పాశ్చాత్య పద్ధతి నవలంబించిరి. సులోచనను ఆంగ్లో-ఇండియనుగ పేర్కొనుట సినీరచనలలో పరిపాటి యైనను అది సరి కాదు. ఐనను ఆ పొరపాటు కొక అర్థము కలదు. తెల్లని మేనిచాయ, ఆంగ్లభాష, గౌను అను మూడును కలిసినచో ఆనాటి ప్రేక్షకుని దృష్టిలో యూదు స్త్రీ యనియు, యురేషియను స్త్రీ యనియు భేదము లేదు. అందరును ఒకే తరగతి. ఆ తరగతికి సినిమాలో ఒక స్థానము సిద్ధముగ నుండెను.

ఆ స్థాన మెట్లేర్పడినదో తెలిసికొన్నగాని ఆమె జీవితము బోధపడదు. 1913లో దాదాసాహెబ్ ఫాల్కే రాజా హరిశ్చంద్రను తీసినపుడు తారామతి పాత్రకు స్త్రీ దొరకలేదు. అన్నా సాళుంకే అను పురుషుడు ఆ పాత్రను ధరించెను. ఆ వెనువెంటనే మోహినీ భస్మాసురలో దుర్గాబాయి కామత్, ఆమె కుమార్తె కమల నటించినను, కుటుంబస్త్రీలు తెరమీదికి వచ్చుటను సంఘము సహింపలేదు. తెలుగు రంగస్థలముపై స్థానం నరసింహారావు సత్యభామగ ప్రేక్షకులను పరవశింపజేయుచుండిన రోజు లవి. నాటకమునకు పురుషుని స్త్రీవేషము చాలును. దూరముగ కూర్చున్న ప్రేక్షకునికి గొంతు, హొయలు, అలంకారము భ్రాంతిని కలిగించును. కెమెరాకు అది చాలదు. ముఖమును దగ్గరగ చూపు సాధనమునకు నిజమైన స్త్రీ ముఖమే కావలెను. కాని వచ్చువారెవరు? వేశ్యా కుటుంబముల గాయనీమణులు కొందరు, నాటక సమాజముల స్త్రీలు కొందరు, మిగిలినవారు యూదు, యురేషియను యువతులు. ఈ మూడవ వర్గమువారు అప్పటికే కార్యాలయములలోను, దుకాణములలోను ఉద్యోగములు చేయుచుండిరి. వీధిలోనికి వచ్చుట వారికి కొత్త కాదు.

మరియొక కారణము యంత్రసంబంధమైనది. మూకీల తొలినాళ్లలో వాడుకలో నుండిన ఫిలిము ఎరుపు కాంతిని గ్రహింపజాలనిది. ఎర్రని పెదవులు తెరపై నల్లగ కనబడెడివి. చామనచాయ మరింత నల్లబడెడిది. తెల్లని ముఖమే ఆ ఫిలిముకు అనుకూలమైనది. దేశములో నెప్పటి నుండియో యున్న తెలుపుమీది మోజునకు ఈ విధముగ రసాయనశాస్త్రము కూడ తోడుపడినది. కలకత్తాలో పేషెన్స్ కూపర్ పౌరాణిక, సాంఘిక పాత్రలు రెండును ధరించినది. రెనీ స్మిత్ సీతాదేవి యైనది. పరజాతి నామము పోయి హైందవ నామము వచ్చుట ఆ కాలపు ఆచారము. ముఖము తెల్లనిది కావలెను, పేరు మాత్రము మనది కావలెను.

రూబీ మైయర్స్ బొంబాయిలో టెలిఫోను ఆపరేటరుగ పనిచేయుచుండగ కోహినూర్ ఫిల్మ్ కంపెనీ దర్శకుడు మోహన్ భవనానీ ఆమెను చిత్రములలో నటింప కోరెను. నటనావృత్తికి సంఘములో గౌరవము లేనందున ఆమె మొదట నిరాకరించినది. ఆయన పట్టు విడువలేదు. తుద కామె ఒప్పుకొన్నది. 1925లో వీరబాల చిత్రముతో ఆమె తెరజీవిత మారంభమైనది. నటనలో ఆమెకు పూర్వశిక్షణ యేమియు లేదు. నాడే ఆమెకు సులోచన యను పేరు స్థిరపడినది. ఆ పదమునకు అందమైన కన్నులు గలది యని అర్థము. మాటలేని చిత్రములో కన్నులే మాట గనుక ఆ పేరు తగియున్నది. రామకథా సంప్రదాయములో సులోచన ఇంద్రజిత్తు భార్య, పరమ పతివ్రత. పతివ్రత పేరు పెట్టుకొన్న యూదు యువతి తెరపై పట్టణపు నవనాగరిక స్త్రీగ ప్రఖ్యాతి గాంచుట కాలము చేసిన చమత్కారము.

మరుసటి యేడు, 1926లో, ఆమె టెలిఫోన్ గర్ల్, టైపిస్ట్ గర్ల్ చిత్రములలో నటించినది. మొదటి దానికి హోమీ మాస్టరు, రెండవదానికి చందూలాల్ షా దర్శకులు. విడిచివచ్చిన ఉద్యోగమునే ఆమె తెరపై మరల చేసినదన్నమాట. ఈ చిత్రముల ప్రాముఖ్య మింతటితో పోదు. జీతము సంపాదించు స్త్రీ కథానాయిక యగుట భారతీయ కథాకల్పనలో కొత్త సంగతి. పురాణకథలో స్త్రీకి ప్రేమ స్వయంవరములోనో, ఉద్యానవనములోనో ఉదయించును. ఇచట కార్యాలయములో ఉదయించినది. ఐతే ఆ స్వాతంత్ర్యము తెరపై చెల్లుటకు ఒక షరతు కలదు. ఆ యువతి ఎవరో వేరు జాతిదివలె కనబడినందువలననే ప్రేక్షకుడు దానిని వేడుకగ చూచెను. తన ఇంటి ఆడపడుచు నట్లు ఊహించుకొనుటకు ఆతడు సిద్ధముగ లేడు.

భవనానీతో పాటు సులోచన అర్దేషీర్ ఇరానీ నడపిన ఇంపీరియల్ ఫిల్మ్ కంపెనీకి మారినది. 1927లో వచ్చిన వైల్డ్ క్యాట్ ఆఫ్ బొంబాయి ఆమె కీర్తిని శిఖరమున నిలిపినది. అందులో ఆమె ఎనిమిది వేషములు ధరించినది. తోటమాలి, పోలీసు, వీధి కుర్రవాడు, హైదరాబాదు పెద్దమనిషి, ఐరోపా యువతి వానిలోనివి. పురుషుడు స్త్రీవేషము వేయుటకు అలవాటు పడిన దేశములో ఒక స్త్రీ పురుషవేషములు వేసి మెప్పించినది. జాతియు, లింగభేదమును రెండును వేషములే యని ఆ చిత్రము పరిహాసముగనైనను సూచించినది. అదే సంవత్సరము నవల్ గాంధీ తీసిన బలిదాన్ అను చిత్రములో కూడ ఆమె నటించినది. రవీంద్రనాథ ఠాకూరు విసర్జన నాటకము దానికి మూలము. జంతుబలిని ఖండించు ఆ గంభీర కథలో పాత్ర లభించుట ఆమె కేవలము వేషధారిణి కాదనుటకు నిదర్శనము.

ఆమె కీర్తి పెరుగుచున్న దినములలోనే ప్రభుత్వము సినిమాపై విచారణకు పూనుకొన్నది. 1927లో టి. రంగాచారి అధ్యక్షతన ఏర్పడిన ఇండియన్ సినిమాటోగ్రాఫ్ కమిటీ దేశమంతట తిరిగి సాక్ష్యములు సేకరించి 1928లో నివేదిక సమర్పించినది. అమెరికా చిత్రములలో తెల్లజాతి స్త్రీలు ఆలింగన చుంబనములలో కనబడుట వలన పాలకజాతి ప్రతిష్ఠకు భంగము కలుగునను భయము ఆ విచారణకు ప్రేరకములలో నొకటి. తెల్లస్త్రీ ప్రేమించుట భారతీయుడు చూడరాదని పాలకుల చింత. కులస్త్రీ ప్రేమించుట పరులు చూడరాదని స్వదేశీయుల చింత. ఈ రెండు చింతల నడుమ సులోచన నిలిచినది. ఆమె పాలకజాతి స్త్రీ కాదు, కులస్త్రీయు కాదు. ఎవరి గౌరవమునకును భంగము లేకుండ ప్రేమింపగల స్త్రీ కావలసివచ్చినపుడు నిర్మాతలకు ఆమె దొరకినది. ఆమె విజయమునకు అందచందములతో పాటు ఇదియు కారణమే.

1928, 1929లలో దర్శకుడు ఆర్. ఎస్. చౌధురి ఆమెతో తీసిన మాధురి, అనార్కలి, ఇందిరా బి.ఏ. అను మూడు ప్రణయచిత్రములు ఆమెను దేశమందలి తారలలో ప్రథమశ్రేణిలో నిలిపినవి. మహాత్మాగాంధి ఖద్దరు ప్రదర్శనము నారంభించిన వార్తాచిత్రముతో పాటు మాధురిలోని ఆమె నృత్యమును జతపరచి ప్రదర్శించిరని సినీచరిత్రకారులు వ్రాసిరి. ఆమె నెలజీతము 5,000 రూపాయలనియు, అది బొంబాయి గవర్నరు జీతమును మించినదనియు ఆనాడు లోకులు చెప్పుకొనిరి. లెక్క నిజమైనను కాకున్నను, ఒక స్త్రీ సంపాదనను గూర్చి సంఘ మట్లు ఆశ్చర్యపడుట నిజము.

ఈ మూడింటిలో అనార్కలి ప్రత్యేకముగ పరిశీలింపదగినది. లాహోరులో ఇంతియాజ్ అలీ తాజ్ 1922లో రచించిన ఉర్దూ నాటకము వలన ఆ కథ విశేష ప్రచారము పొందినది. దాని ననుసరించి గ్రేట్ ఈస్టర్న్ సంస్థవారు సీతాదేవి నాయికగ ఒక చిత్రము తీయుచుండగ, ఇంపీరియల్‌వారు త్వరపడి తమ అనార్కలిని ముందుగ విడుదల చేసిరి. అక్బరు కొలువులోని పరిచారిక రాకుమారుని ప్రేమించి సజీవసమాధి పొందినదను ఆ గాథకు దృఢమైన చరిత్రాధారము లేదు. ఐనను జనహృదయములో దాని స్థానము చెక్కుచెదరలేదు. అంతస్తు మరచి ప్రేమించినందుకు శిక్ష స్త్రీకే. రాకుమారుడు రాజై సింహాసన మెక్కును, ఆమె గోడలో కలియును. ఒకే యేడు పోటీపడిన రెండు చిత్రములలోను అనార్కలి వేషము ధరించినది ఒకచో యూదు వనిత, వేరొకచో ఆంగ్లో-ఇండియను వనిత. కట్టుబాటును మీరు ప్రేమను తెరపై అభినయించుటకు కట్టుబాటునకు వెలుపలి స్త్రీలే కావలసివచ్చిరి.

1931 మార్చి 14న ఆలం ఆరా విడుదలతో ఈ చిత్రము తారుమారైనది. దేశమున తొలి వాక్చిత్రమును నిర్మించినది సులోచన పనిచేయుచున్న ఇంపీరియల్ సంస్థయే. కాని ఆ సంస్థలో అందరికంటె ప్రసిద్ధ యగు తార అందులో నాయిక కాలేదు. జుబేదా నాయిక యయ్యెను. హిందూస్తానీ ఉచ్చారణయే ఇందుకు కారణము. మూకీ చిత్రములో పాత్రల మాటలు రెండు మూడు భాషలలో అక్షరఫలకములపై కనబడెడివి. చదువురాని ప్రేక్షకులకు ఎవరో ఒకరు బిగ్గరగ చదివి వినిపించెడివారు. ఆ విధముగ తెరమీది నాయిక గుజరాతీ వానికి గుజరాతీ వనిత, ఉర్దూ వానికి ఉర్దూ వనిత. ఆమెకు భాష లేదు గనుకనే అన్ని భాషలును ఆమెవి. వాక్చిత్రము ఆమె నోటికి ఒకే భాష నిచ్చినది. ఆ భాష ఆమెకు రాదు.

ఇంపీరియల్ స్టూడియోతో తెలుగు చిత్రచరిత్రకు సాక్షాత్సంబంధము కలదు. ఆలం ఆరాలో చిన్నవేషము వేసిన ఎల్. వి. ప్రసాదు, ఆ స్టూడియోలో పనిచేసిన హెచ్. ఎం. రెడ్డి తెలుగువారు. అర్దేషీర్ ఇరానీ పక్షమున రెడ్డి దర్శకత్వము వహించిన భక్త ప్రహ్లాద 1932లో తొలి తెలుగు వాక్చిత్రముగ వెలువడినది. అందు లీలావతి పాత్ర ధరించిన సురభి కమలాబాయి నాటకరంగమున పుట్టిపెరిగిన నటి. పద్యము పాడగలది, మాట తేటగ పలుకగలది. ప్రతి భాషలోను ఇట్లే జరిగినది. ముఖమునకు బదులు కంఠము అర్హత యయ్యెను. పేరు మార్చుకొని, చీర కట్టుకొని దేశీయ వనిత యగుట సులభము. ఉచ్చారణ నట్లు ధరించుటకు వీలులేదు. అనేకులైన యూదు, యురేషియను నటీమణుల ప్రాభవ మాకాలముననే తగ్గినది.

సులోచన తప్పుకొనలేదు. ఒక సంవత్సరకాలము నటన మాని, హిందూస్తానీ నభ్యసించినది. అప్పటికే శిఖర మెక్కిన తార విద్యార్థిని యగుటకు సంకోచింపలేదు. 1932లో మాధురి వాక్చిత్రముగ మరల వచ్చెను; ఆమెయే నాయిక. అటుపై ఆమె పాత విజయములన్నియు మాటలు నేర్చి తిరిగివచ్చినవి. ఇందిరా బి.ఏ. 1934లో ఇందిరా ఎం.ఏ. అయ్యెను. అనార్కలి 1935లోను, వైల్డ్ క్యాట్ ఆఫ్ బొంబాయి 1936లో బంబయ్ కీ బిల్లీ యను పేరను వెలువడినవి. డి. బిల్లిమోరియా ఆమెకు జంట. 1933 నుండి 1939 వరకు వారిరువురి జోడి ఎడతెగక సాగినది. ఆమె రూబీ పిక్స్ అను స్వంత సంస్థను కూడ స్థాపించినది. భాషను మాతృభాషగ పొందినవారికి లభించు గౌరవము నామె శ్రమతో సంపాదించినది. భారతీయ భాషల నధ్యయనము చేయువారు ఈ ఘట్టమును సినీవార్తగ త్రోసివేయరాదు. ఒక దేశమునకు చెందుట యన నేమి యను ప్రశ్నకు, నేర్చుకొన్న భాష కూడ సమాధాన మగునని ఆ యేడాది కాలము చూపినది.

ఐనను కాల మామె కనుకూలముగ సాగలేదు. ఆ దశాబ్దిలో దేవికారాణి, దుర్గా ఖోటే, లీలా చిట్నిస్, శోభనా సమర్థ్ మొదలగు విద్యావంతులైన అగ్రవర్ణ కుటుంబస్త్రీలు తెరమీదికి వచ్చిరి. సినిమాకు గౌరవము కల్పింపవలెనని నిర్మాతలు కోరిరి. దానికి వారి వంశములు సాధనము లయ్యెను. 1936లో అఛూత్ కన్యలో దేవికారాణి అస్పృశ్య బాలికగ నటించినది. తెలుగులో 1938 నాటి మాలపిల్లలో కాంచనమాల ఆ విధమైన పాత్రనే ధరించినది. పై అంతస్తు స్త్రీ క్రిందిదానిగ నటించిన సంస్కారమని లోకము మెచ్చుకొన్నది.

దీనికి విపరీతము జరిగినపుడు ఏమగునో తిరువనంతపురము చూపినది. జె. సి. డేనియల్ నిర్మించిన విగతకుమారన్ మలయాళమున మొదటి కథాచిత్రము. దాని విడుదల 1928లో నని కొందరు, 1930లో నని కొందరు వ్రాసిరి. అందులో నాయరు యువతి పాత్రను పి. కె. రోసీ యను దళిత వనిత ధరించినది. ప్రేక్షకులు దానిని సహింపక అల్లరిచేసిరి. ఆమె ఊరు విడిచి పోవలసివచ్చెను, మరల నటింపలేదు. బొంబాయిలో యూదు యువతి హిందూ కులస్త్రీగ నటించిన దినములే అవియు. ఆమెకు చప్పట్లు, ఈమెకు రాళ్లు. రెండును పరుల వేషములే. సముద్రము దాటి వచ్చిన తెల్లని ముఖమును క్షమించిన ప్రేక్షకుడు, పొరుగు వాడ నుండి వచ్చిన ముఖమును క్షమింపలేదు. తెర జాతిభేదమును దాటిన దను మాటను ఈ రెండు జీవితములను పక్కపక్కన నుంచి పరీక్షింపవలెను.

ఇంపీరియల్ సంస్థ 1938లో మూతపడినది. బిల్లిమోరియాతో జంట 1939తో ముగిసినది. అప్పటికి సులోచనకు 32 ఏండ్లు. గాయనీనటుల యుగము వచ్చినది. నాయిక పాత్రలు తగ్గి, సహాయ పాత్రలు మిగిలినవి. 1953లో నందలాల్ జస్వంత్‌లాల్ హిందీలో అనార్కలిని మరల తీసెను. 1934లో ఇందిరా ఎం.ఏ. దర్శకు డీయనయే. ఈ మారు బీనారాయ్ అనార్కలి. సులోచన సలీము తల్లి యగు జోధాబాయి. 1928లో మాటలేక, 1935లో మాటలతో ఏ రాకుమారుని ప్రేమించి గోడలో సమాధి యయ్యెనో, 1953లో ఆ రాకుమారునికే ఆమె తల్లియైనది. ఒకే కథలో ఒకే స్త్రీ ప్రియురాలి స్థానము నుండి తల్లి స్థానమునకు నడచిన త్రోవ ఇది. చలనచిత్రములలో స్త్రీకి ప్రేమించు వయస్సు ఎంత తక్కువో ఈ మూడు చిత్రములే చెప్పును. రెండేండ్లకు, 1955లో, అనార్కలి తెలుగులోను వెలువడినది. అంజలీదేవి అనార్కలి, అక్కినేని నాగేశ్వరరావు సలీము. నాటి తెలుగు ప్రేక్షకులలో ఈ పాత్రకు తొలిరూపమిచ్చిన వారిలో నొకరైన యూదు వనితను తలచినవారు బహుశః అరుదు.

అటుపై ఇరువదేండ్లు ఆమె చిన్నచిన్న వేషములతో గడపినది. మరాఠీ, హిందీ చిత్రములలో ప్రసిద్ధి గాంచిన సులోచనా లాట్కర్ వేరొక నటి. పేరొకటే యగుటచే ఇరువురి చిత్రములును కలగాపులగ మగుట కద్దు. ఒకనాడు దేశమంతట మారుమ్రోగిన పేరు మరియొకరి పేరుగ చలామణి యగుట ఆమె చూడవలసివచ్చెను. 1973 సంవత్సరమునకు గాను భారతప్రభుత్వ మామెకు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కార మిచ్చి గౌరవించినది. 1969లో తొలి పురస్కారము పొందిన దేవికారాణి తరువాత ఆ గౌరవము పొందిన రెండవ స్త్రీ సులోచన. ఆ మరుసటి సంవత్సరపు పురస్కారము తెలుగువారగు బి. ఎన్. రెడ్డికి లభించెను. 1983 అక్టోబరు 10న బొంబాయిలో ఆమె కన్నుమూసినది.

ఆమె కీర్తికి ఆధారమైన మూకీ చిత్రములలో అధికభాగము నేడు లభ్యము కావు. భారతదేశమున నిర్మింపబడిన పదమూడువందల మూకీలలో మిగిలినవి బహు కొద్ది. అనార్కలిగ ఆమె అభినయ మెట్లుండెనో చెప్పుటకు నిలువుచిత్రములు, ప్రకటనలు, సమకాలికుల వ్రాతలు మాత్రము శరణ్యములు. కావున ఆమె నటనాప్రతిభను గూర్చి తుది తీర్పు చెప్పుట సాహసము. ఆమె జీవితము నుండి తేలు విషయములు మాత్రము స్పష్టము. తెరపై ప్రేమ కులమును, అంతస్తును, మతమును దాటినను, ఆ ప్రేమను నటించు స్త్రీ ఎవరో నిర్ణయించినవి ఆ కట్టుబాటులే. తెల్లదనమున కొక ద్వారము తెరచినవారు కులమునకు దానిని మూసిరి. పురుషుని ప్రతిష్ఠకు లోటు రాకుండునట్లు ప్రేమకథలోని శిక్షను స్త్రీకి కేటాయించిరి. ఈ ఏర్పాటులో సులోచన లాభమును పొందినది, నష్టమును పొందినది. రంగు వలన వచ్చినది రంగుతో పోయినది. ఒక యేడు కూర్చుండి నేర్చుకొన్న భాష మాత్రము ఆమె స్వార్జితము. భారతీయ ప్రణయనాయిక చరిత్ర వ్రాయువారు ఆమె ముఖముతో ఆరంభించినను, ఆమె అభ్యసించిన మాటను విడువరాదు.